నాణెం మీద తప్పు టంకశాలదా, జేబుదా?

నా ఫోనుకి వచ్చే ఫొటోల్లో సగానికి సగం నాణేలవే. కింద ఒకటే ప్రశ్న: "ఇది ఎర్రర్ కాయినేనా, చూసి చెప్పండి." అంటే నాణేలు తయారయ్యే టంకశాలలోనే తప్పు పడ్డ నాణెమా అని. చాలా మటుకు నా జవాబూ ఒకటే: కాదు, దెబ్బ తిన్నది. వెంటనే "మరి ఇంత విచిత్రంగా ఎందుకుంది?" అని అడుగుతారు. చిక్కంతా అక్కడే ఉంది. రైలు చక్రం కింద పడ్డ నాణెం కూడా విచిత్రంగానే ఉంటుంది, దానికి టంకశాల ఏం చేస్తుంది?

మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. నాణెం తయారయ్యేటప్పుడు ఏ దశలో ఇలా జరిగే వీలుంది? ఆ దశ ఏదో చెప్పగలిగితే నాణేన్ని పక్కన పెట్టండి, మిగతా పరీక్షలు చేద్దాం. చెప్పలేకపోతే ఖర్చు పెట్టేసుకోండి.

అందుకే ముందు తయారీ సంగతి కాస్త తెలిసుండాలి. లోహపు రేకులోంచి గుండ్రటి బిళ్ళలు కోస్తారు. వాటిని కొలిమిలో కాచి మెత్తబరుస్తారు, చుట్టూ నొక్కి అంచు కొద్దిగా లేపుతారు. తర్వాత బిళ్ళ ప్రెస్సులోకి వెళ్తుంది. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు కట్టు. పై అచ్చు దిగి నొక్కగానే లోహం పారి అచ్చులోని పల్లాల్లోకి ఎక్కుతుంది. పక్కలకు పోకుండా కాలర్ ఆపుతుంది. అంచు మీద నిలువు గీట్లున్న నాణేలకి ఆ గీట్లు పడేది కూడా కాలర్ వల్లే. కాబట్టి తప్పు దొర్లితే బిళ్ళలో దొర్లాలి, అచ్చులో దొర్లాలి, లేదా ఆ ఒక్క నొక్కుడులో దొర్లాలి. నాలుగో చోటు లేదు.

ఇంకొకటి. ప్రెస్సులో లోహం పారుతుంది కాబట్టి అక్కడ జరిగిన తప్పు చుట్టూ లోహం నున్నగా, వాలుగా సర్దుకుని ఉంటుంది. బయటికొచ్చాక తగిలే దెబ్బకి పారే వీలు లేదు. అది లోహాన్ని గీకేస్తుంది, చదును చేస్తుంది, లేదా పక్కకి తోసి గట్టు కట్టిస్తుంది. కింద చెప్పేదంతా దాదాపు ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది.

పనిముట్ల సంగతి. పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా, ఒక అయస్కాంతం ఉంటే చాలు. వెర్నియర్ కాలిపర్ ఉంటే ఇంకా మంచిది. మైక్రోస్కోపు మాత్రం మొదట్లోనే కొనకండి. యాభై రెట్లు పెద్దది చేసి చూస్తే లోపం లేని నాణెమంటూ ఉండదు. దీపం ఒక్కటే పెట్టుకోండి, వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడాలి. అంచులు పట్టుకుని నాణేన్ని నెమ్మదిగా తిప్పితే పైకి లేచిన గీత నీడ ఒక పక్కకి, లోపలికి దిగిన గీత నీడ రెండో పక్కకి పడుతుంది. ఈ ఒక్క తేడా తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం ఎక్కుతుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది. గీసుకుపోతే గీత పల్లంగా ఉంటుంది. ఫొటోల్లో ఉబ్బు పల్లంలాగా, పల్లం ఉబ్బులాగా కనబడి మోసం చేస్తుంది. అందుకే ఒక్క ఫొటో చూసి తేల్చెయ్యమంటే నేను ఒప్పుకోను.

వీటన్నిటికన్నా అక్కరకొచ్చేది అదే రకం, అదే కాలపు మామూలు నాణెం. మామూలుది ఎలా ఉంటుందో తెలియకే సగం గొడవలు. భారత నాణేల మీద సంవత్సరం కింద హైదరాబాద్ టంకశాల నక్షత్రం వేస్తుంది, ముంబై డైమండ్ వేస్తుంది, నోయిడా చుక్క పెడుతుంది. కోల్‌కతా ఏ గుర్తూ పెట్టదు. ఇది తెలియనివాళ్ళకి కోల్‌కతా నాణెం ప్రతిదీ "గుర్తు ఎగిరిపోయిన" నాణెమే. 1992లో మొదలైన స్టీలు రూపాయి 25 మి.మీ. వెడల్పు, 4.85 గ్రాముల బరువు. 2011లో వచ్చిన రూపాయి 22 మి.మీ., 3.79 గ్రాములు. రెండూ పక్కపక్కన పెట్టి చిన్నది వేరే బిళ్ళ మీద పడిందని వాదించినవాళ్ళూ ఉన్నారు. బొమ్మా బొరుసుల దిక్కు కూడా అంతే. భారత నాణేన్ని పుస్తకంలో పేజీలా పక్కకి తిప్పితే రెండో వైపు నిటారుగానే ఉంటుంది, అమెరికా నాణేన్ని అలా తిప్పితే తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ పద్ధతే అది. అయితే భారత నాణెంలో రెండో వైపు బాగా ఒరిగిపోయి కనబడితే శ్రద్ధగా చూడండి. ప్రెస్సులో అచ్చు తిరిగిపోయిందన్నమాట. ఆ తప్పుని అరుగుదల గానీ దెబ్బ గానీ పుట్టించలేవు.

ఇక అరుగుదల. దానికో వరస ఉంటుంది. ఎత్తుగా ఉన్నవి ముందు పోతాయి: ముఖమైతే చెంపా జుట్టూ, సింహాలైతే ముక్కూ జూలూ, ఆ తర్వాత అంచు, అక్షరాల పైభాగాలు. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా, అంటే ఫీల్డ్, చివరిదాకా నిలుస్తుంది. ఈ వరస తప్పి ఏదైనా మాయమైతేనే అనుమానపడాలి. ఎత్తైన చెంప చెక్కుచెదరకుండా ఉండి, పల్లంలో ఉన్న అంకె ఒకటి లేకపోతే అరిగిపోయిందని సరిపెట్టుకోలేం.

నా దగ్గరున్న రెండు రూపాయల నాణెం ఒకటి చూడండి. సంవత్సరం 2011 ఉండాల్సిన చోట 201 దాకా స్పష్టంగా ఉంది, చివరి 1 లేదు. భూతద్దం కింద పెడితే అక్కడ 1 అడుగుభాగం సన్నటి మచ్చలా మిగిలి ఉంది. మచ్చ అంచులు కోసినట్టు లేవు, ఫీల్డ్‌లోకి మెత్తగా కలిసిపోయాయి. పక్కనున్న 1 మాత్రం గోరు తగిలితే తెలిసేంత పదునుగా ఉంది. అంకె ఉండాల్సిన చోటు పల్లంగా లేదు, చుట్టూ ఉన్న జాగాకి సమంగానే ఉంది, మెరుపూ అదే. అంటే అచ్చులోని ఆ గాడిలో జిడ్డూ లోహపు పొడీ పేరుకున్నాయి, లోహం లోపలికి ఎక్కలేకపోయింది. ఇది టంకశాల తప్పే. కాకపోతే ఇలాంటివి చాలా దొరుకుతాయి కాబట్టి సేకర్తలు పెద్దగా పట్టించుకోరు.

ఎవరో కావాలని గీకేసిన అంకె ఇలా ఉండదు. అక్కడ చిన్న గుంట పడుతుంది, గుంటలో ఒకే దిక్కుగా సన్నటి గీతలుంటాయి, మెరుపు చుట్టుపక్కల మెరుపుతో కలవదు. దీపం కింద తిప్పితే ఆ చోటు ఒక్కటే ముందుగా తళుక్కుమంటుంది.

పేరున్న తప్పుల విషయంలో ఈ తేడా మీదే పెద్ద బేరాలు నడుస్తాయి. 1922లో అమెరికాలో ఒక సెంటు నాణేలు కొట్టింది డెన్వర్ టంకశాల ఒక్కటే, కాబట్టి ఆ ఏడాది సెంటు మీద డెన్వర్ గుర్తైన డి అక్షరం ఉండి తీరాలి. అరిగిన అచ్చుల వల్ల కొన్నిటి మీద అది పడలేదు. వాటిలో సేకర్తలు కోరుకునే రకానికి వెనకవైపు ముద్ర గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. రెండు వైపులా సమానంగా మాసిపోయి డి కనబడకపోతే అది చేతులు మారి అరిగినది కూడా కావచ్చు. 1937 డెన్వర్ నికెల్ (అమెరికా అయిదు సెంట్ల నాణెం) మీద మూడు కాళ్ళ దున్న కథా ఇలాంటిదే. అచ్చు మీది మచ్చలు పోగొట్టడానికి అతిగా సానపెట్టడంతో దున్న ముందు కాలు ఒకటి అచ్చులోంచే చెరిగిపోయింది. మామూలు నాణెం మీద కాలు గీకేసి దాన్ని అసలుదిగా చూపించేవాళ్ళు చాలామంది. అయితే అసలు నాణెంలో దున్న పొట్ట కిందనుంచి నేల దాకా ఉబ్బెత్తు చుక్కల వరస ఉంటుంది. గీకితే లోహం పోతుందే గానీ కొత్త చుక్కలు మొలవవు కదా.

రెండుగా పడ్డ అక్షరాలు

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

అక్షరాలు రెండుగా కనబడటానికి మూడు కారణాలుంటాయి. విలువైనది ఒకటే. అచ్చును తయారు చేసేటప్పుడు హబ్ అనే మూల ముద్రతో దాన్ని నొక్కుతారు. పూర్వం ఒక అచ్చుకి ఒకటికి మించి నొక్కులు పడేవి. రెండో నొక్కుకి అచ్చు కాస్త తిరిగి ఉంటే దాని మీద రెండు బొమ్మలు పడతాయి. ఇక ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జోడు వస్తుంది. దీన్ని డబుల్డ్ డై అంటారు. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల కొట్టిన లింకన్ సెంటు దీనికి పెట్టింది పేరు. భూతద్దం అక్కర్లేదు, మామూలు కంటికే సంవత్సరమూ అక్షరాలూ రెండేసి కనిపిస్తాయి. ఆ రోజుల్లో మెషీన్లలో అమ్మే సిగరెట్ పెట్టెలకి చిల్లరగా అంటించిన సెంట్లలో చాలా దొరికాయని చెబుతారు.

రెండో కారణం, నాణెం మీద ముద్ర పడీ పడగానే అచ్చు వదులుగా ఉండి పక్కకి జరగడం. రబ్బరు స్టాంపు వేసి ఎత్తేటప్పుడు చెయ్యి కదిలినట్టు. దీన్ని మెషీన్ డబ్లింగ్ అంటారు. జరిగేది ప్రెస్సులోనే అయినా సేకర్తలు దీన్ని ఎర్రర్‌గా లెక్కపెట్టరు, నేనూ పెట్టను. మూడోది ముసలి అచ్చు. వేల మీద వేల నాణేలు కొట్టాక అచ్చులో అక్షరాల గోడలు అరిగి, నాణెం మీద అక్షరం పక్కన ఒక నీడ మొదలవుతుంది. 1955లోనే ఇలాంటి సెంట్లు కూడా వచ్చాయి. వాటికి "పేదవాడి డబుల్డ్ డై" అని సరదా పేరు పెట్టారు.

తేడా పట్టడం ఇలా. ఒక్క అక్షరం ఎంచుకోండి. దాని గీత మందాన్ని మామూలు నాణెం మీది అక్షరంతో పోల్చండి. అసలు డబుల్డ్ డై అయితే అక్షరం మొత్తం మీద లావెక్కుతుంది. రెండో అక్షరం కూడా మొదటిదానిలాగే గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. గీతల కొనల దగ్గర రెండుగా చీలి మధ్యలో చిన్న గాటు పడుతుంది. మెషీన్ డబ్లింగ్ అయితే అక్షరం సన్నబడుతుంది, ఎందుకంటే ఉన్న అక్షరంలోంచే ఒక పక్క కొంత లోహం చదునైపోయింది. పక్కన కనబడే రెండోది ఫీల్డ్‌కి దాదాపు సమంగా, మెట్టులా చప్పిడిగా ఉంటుంది. వెలుగు పడితే ఆ మెట్టు అద్దపు ముక్కలా మెరుస్తుంది. ముసలి అచ్చుదైతే మెట్టూ ఉండదు, గాటూ ఉండదు. అక్షరం అంచులు మెత్తబడి ఉంటాయి, ఫీల్డ్‌లో నడిమి నుంచి అంచు దాకా సన్నటి పారుడు గీతలు కనిపిస్తాయి.

ఎవరైనా జోడు అక్షరాల నాణెం చూపిస్తే నేను ముందు వెతికేది ఆ గాటు కోసమే. గాటు లేకపోతే కాటా కూడా బయటికి తియ్యను.

ఆకారం చెడినవి

రేకులోంచి బిళ్ళ కోసే పంచ్, అంతకుముందు కోసిన రంధ్రం మీదికి కొంచెం ఎక్కితే బిళ్ళకి ఒక పక్క వంపుగా ముక్క తగ్గుతుంది. దీన్ని క్లిప్ అంటారు. అంచు కత్తిరించి క్లిప్ అని అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ పట్టిచ్చే గుర్తు తగ్గిన ముక్క దగ్గర కాదు, దానికి సూటిగా ఎదుటి పక్క ఉంటుంది. బిళ్ళ అంచు లేపే యంత్రంలో నొక్కుడు రెండు వైపులనుంచీ పడుతుంది. ఒక వైపు లోహమే లేకపోతే ఎదుటి వైపు కూడా అంచు సరిగ్గా లేవదు. అందుకని అసలు క్లిప్‌కి ఎదురుగా అంచు చప్పబడి ఉంటుంది చాలాసార్లు. సేకర్తలు దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. దానికి తోడు క్లిప్ పక్కనున్న అక్షరాలు ఆ ఖాళీ వైపు సాగినట్టుగా, బలహీనంగా ఉంటాయి. ఆకురాయితో రుద్దిన నాణెంలో అక్షరాలు చివరిదాకా పదునుగా వచ్చి, ఒక్కసారిగా తెగిపోతాయి.

కాలర్ లేకుండా ముద్ర పడితే నాణెం మామూలు కన్నా వెడల్పవుతుంది, అంచు గీట్లు ఉండవు, బరువు మాత్రం మారదు. సుత్తితో కొట్టినా వెడల్పవుతుంది, కానీ అక్షరాలు పచ్చడైపోతాయి. ముద్ర ఒక పక్కకి ఒరిగి, మిగతా భాగం ఖాళీగా ఉన్న ఆఫ్‌సెంటర్ నాణెమైతే రెండు వైపులూ తిప్పి చూడండి. ఒక వైపే జరిగి రెండోది సరిగ్గా ఉంటే అచ్చు ఒకటే కొంచెం పక్కకి ఉందన్నమాట, అది చిన్న విషయం. రెండు వైపులా ఖాళీ ఒకేచోట ఉంటే బిళ్ళే సరిగ్గా కూర్చోలేదు.

అచ్చు అంచున ముక్క ఊడిపోతే నాణెం మీద అంచుకి ఆనుకుని బొమ్మ లేని ఉబ్బు వస్తుంది. కడ్ అంటారు. దానికి సరిగ్గా వెనకవైపు, అదే చోట, ముద్ర బలహీనంగా ఉండాలి. లోహం ఎదురుగా ఉన్న గుంటలోకి పోయింది కాబట్టి ఈ వైపు నింపడానికి చాలలేదు. వెనకవైపు అక్షరాలు గట్టిగా ఉంటే ఆ ఉబ్బు ఎలా వచ్చిందో గట్టిగా అడగండి.

నాణెం మీద ఇంకో నాణెం బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి కనబడితే చాలామంది బ్రాకేజ్ అని ఎగిరి గంతేస్తారు. ముద్ర పడ్డ నాణెం ఒకటి ప్రెస్సులోనే ఉండిపోయి, తర్వాతి బిళ్ళకి అదే అచ్చులా పనిచేస్తే వచ్చేది బ్రాకేజ్. అందులో తిరగబడ్డ బొమ్మ చుట్టూ ఫీల్డ్ శుభ్రంగా ఉంటుంది, ఆ వైపు రావాల్సిన అసలు బొమ్మ ఉండదు. రెండు నాణేలు కలిపి బెంచి వైస్‌లో బిగిస్తే కూడా తిరగబడ్డ అక్షరాలు దిగుతాయి, కానీ అవి అసలు బొమ్మ ఎత్తుల మీదే పడతాయి. చెంప మీద, జుట్టు మీద నలిగిన అక్షరాలు. అసలు బొమ్మ నిక్షేపంగా పక్కనే ఉంటుంది. అంతకంటే రుజువు ఇంకేం కావాలి?

ఇవి కాక బయట పుట్టేవి మరికొన్ని. బట్టలారబెట్టే డ్రైయర్ డ్రమ్ములో ఇరుక్కుని రోజుల తరబడి దొర్లిన నాణేనికి అంచు దళసరై లోపలికి ముడుచుకుంటుంది, వెడల్పు తగ్గుతుంది, అక్షరాలు అంచుని ఆనుకుంటాయి. చిల్లర చుట్టలు కట్టే యంత్రం కొక్కెం తగిలితే నాణెం మీద ఒకే కేంద్రంతో వృత్తంలా గీత పడుతుంది. అలాంటి గీతలకి దశ వెతక్కండి, లేదు.

బరువు, లోహం, రంగు

రంగు చూసి ఏదీ నమ్మకండి. మట్టిలో పడున్న రాగి-నికెల్ నాణెం ఎర్రగా రాగిలా తయారవుతుంది. అగ్గి తగిలితే నల్లబడుతుంది. పూత పూయించుకోవడం ఎవరి చేతిలోనైనా ఉన్న పనే. కాటా మాత్రం అంత తేలిగ్గా అబద్ధం చెప్పదు. 1943లో యుద్ధం కోసం రాగి ఆదా చేయడానికి అమెరికా సెంట్లను జింకు పూసిన ఉక్కుతో కొట్టారు, బరువు 2.7 గ్రాములు. పాత కంచు బిళ్ళలు కొన్ని మిగిలిపోయి వాటి మీద కూడా 1943 ముద్ర పడింది. అవి 3.11 గ్రాములు, అయస్కాంతానికి అంటవు. ఉక్కు సెంటుకి రాగి పూసి అమ్మేవి చాలా ఉన్నాయి, అయస్కాంతం దగ్గరికి తీసుకురాగానే టక్కున అతుక్కుంటాయి.

బరువు కొంచెం తగ్గగానే సంబరపడొద్దు. టంకశాలలే హెచ్చుతగ్గులకి చోటిస్తాయి. 2.5 గ్రాముల అమెరికా సెంటుకి 0.10 గ్రాము అటూ ఇటూ ఉండొచ్చు, 5.67 గ్రాముల క్వార్టర్‌కి, అంటే పావు డాలర్ నాణేనికి, 0.227 గ్రాము. అరిగిన నాణెం మరికాస్త తేలికవుతుంది. బాగా తేలికై, సన్నగా, అక్షరాలూ అంచూ అన్నీ కరిగినట్టు మసకగా ఉంటే అది యాసిడ్ పని. పలచని బిళ్ళ మీద నిజంగా ముద్ర పడితే బొమ్మ బలహీనంగా ఉన్నా, దాని మీద బిళ్ళ పైపొర అలాగే కనిపిస్తుంది. యాసిడ్‌లో మునిగినదాని ఒళ్ళంతా సన్నటి గుంటలు.

రెండు లోహాల నాణేలకి ఒక చక్కటి పరీక్ష ఉంది. పది రూపాయల నాణెంలో పసుపు వలయం, తెల్లటి నడిబిళ్ళ ఒకే దెబ్బకి ముద్ర పడతాయి, అదే దెబ్బకి ఒకదానికొకటి బిగుసుకుంటాయి కూడా. నడిబిళ్ళ పక్కకి జరిగి ఉంటే చూడాల్సింది బొమ్మని. అసలు తప్పులో రంగుల సరిహద్దు జరుగుతుందే గానీ బొమ్మ తన చోటనే ఉంటుంది. సరిహద్దు దాటే గీతలు తెగకుండా ఒక లోహం మీదనుంచి ఇంకో లోహం మీదికి సాగుతాయి. ఎవరైనా నడిబిళ్ళ ఊడగొట్టి తిప్పి పెడితే గీతలు అతకవు, సరిహద్దు వెంట గోకిన గుర్తులు, ఇరుకు చేసిన గుర్తులు ఉంటాయి. రెండు వైపులా బొమ్మే ఉన్న నాణేలదీ ఇలాంటి సంగతే. వాటిలో చాలా భాగం గారడీవాళ్ళ కోసం రెండు నాణేలు తొలిచి కలిపినవి. అంచు లోపలి గోడ వెంట సన్నటి అతుకు దొరుకుతుంది, బల్ల మీద వేస్తే మోతా బొంగురుగా ఉంటుంది.

ఇన్ని పరీక్షలకీ నిలబడ్డ నాణేన్ని సబ్బుతో, చింతపండుతో, టూత్‌పేస్టుతో తోమకండి. దాని పైపొరే మీకున్న సాక్ష్యం. తోమితే అసలు తప్పుకీ గీకిన గుర్తుకీ తేడా మీరే చెరిపేసినట్టు. మెత్తటి పీవీసీ కవర్లలోనూ పెట్టొద్దు, కొన్నాళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది. గట్టి ప్లాస్టిక్ కాప్సూల్ గానీ, మైలార్ అనే పారదర్శక పొర ఉన్న అట్ట హోల్డర్ గానీ వాడండి. హోల్డర్ మీద బరువు, వెడల్పు, ఏ దశలో తప్పు జరిగిందని మీరు అనుకుంటున్నారో రాసి పెట్టండి. నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలకి పంపాలనుకుంటే వాళ్ళ ఫారంలో ఎర్రర్ రకం రాయాల్సి వస్తుంది, అప్పుడు ఆ చీటీ పనికొస్తుంది.